మోగే చార్జరు, మొరాయించే బ్యాటరీ

1970ల తొలినాళ్లలో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ ఎలెక్‌ట్రాక్ అనే తోట ట్రాక్టరు తయారుచేసింది. పెట్రోలుతో పనిలేదు. పెద్ద మోడళ్లలో 6 వోల్టుల బ్యాటరీలు ఆరు వరుసగా కలిపి 36 వోల్టులు చేస్తారు. చార్జరు కూడా బండిలోనే ఉంటుంది. వీటిని ప్రాణంగా చూసుకుంటూ ఇప్పటికీ గడ్డి కోసుకునేవాళ్లు అక్కడ ఉన్నారు. బండి కదలకపోతే మొదటి నింద చార్జరు మీదే పడుతుంది. చాలాసార్లు అన్యాయంగా.

అపోహ: చార్జింగ్ ఎక్కడం లేదంటే చార్జరు పోయినట్టే.

ముందు మల్టీమీటరు బ్యాటరీల మీద పెట్టండి. నిండా చార్జయి కొన్ని గంటలు ఊరకే ఉన్న ఆరింటికీ కలిపి 38 వోల్టులు చూపాలి. తర్వాత ఒక్కోదాన్నీ విడిగా కొలవండి. ఐదు 6.3 దగ్గర ఉండి ఒకటి 4.2 దగ్గర ఆగితే అందులో ఒక సెల్లు చచ్చినట్టు. చార్జింగ్ పెట్టగానే వోల్టేజి గబగబా 45కి ఎగబాకి, ఆంపియర్లు మాత్రం సున్నా దగ్గరే ఉంటే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి ఉంటుంది, లేదా కనెక్షన్లకు చిలుము పట్టి ఉంటుంది. చార్జరు తప్పేమీ లేదు. గంటలు గడిచినా వోల్టేజి పెరగకపోతే అప్పుడు అటు చూడాలి: ఫ్యూజు, టైమరు కాంటాక్టులు, ఆ తర్వాత డయోడ్లు.

అపోహ: గుయ్యిమని మోగుతోంది కాబట్టి బాగున్నట్టే.

ఈ చార్జరులో ఉండేది ఫెర్రోరెజొనెంట్ ట్రాన్స్‌ఫార్మర్. మోత, వేడి దానికి పుట్టుకతో వచ్చినవి. రెండు డయోడ్లలో ఒకటి తెగి కరెంటు పడిపోయినా అది మోగుతూనే ఉంటుంది.

అపోహ: కెపాసిటర్ ఏదైనా ఒకటే.

నన్ను అన్నిటికన్నా భయపెట్టే మాట ఇది. ఆ ట్రాన్స్‌ఫార్మర్‌కు జతగా ఉండే కెపాసిటర్ మీద వందల వోల్టుల ఏసీ గంటల తరబడి ఉంటుంది. మోటారు స్టార్టింగ్‌కు వాడేది క్షణాల పనికి చేసినది. ఇక్కడ పెడితే వేడెక్కి పేలిపోవచ్చు. అదే మైక్రోఫారడ్ విలువ, వోల్టేజి రేటింగ్ తగ్గని ఏసీ రన్ కెపాసిటరే కావాలి. ప్లగ్గు పీకాక కూడా అందులో చార్జి మిగిలి ఉండొచ్చు. తగిన రెసిస్టరుతో దాన్ని దించి, మీటరులో సున్నా చూశాకే చెయ్యి పెట్టాలి. పైగా ఈ ట్రాన్స్‌ఫార్మర్, కెపాసిటర్ జోడీని 60 హెర్ట్జ్‌కు కుదిర్చారు. ఎవరైనా ముచ్చటపడి బండిని మన దేశానికి తెచ్చి, వోల్టేజి తగ్గించి ఇచ్చినా, 50 హెర్ట్జ్ కరెంటు మీద దాని లెక్క తప్పుతుంది.

అపోహ: కొత్త స్మార్ట్ చార్జరు తగిలిస్తే సరి.

బాగా పడిపోయిన బ్యాటరీని అలాంటివి చాలావరకు గుర్తించనే గుర్తించవు. పాతది మారు మాట్లాడకుండా కరెంటు ఇస్తుంది.

అపోహ: బ్యాటరీ నీరసిస్తే యాసిడ్ పోయాలి.

మన ఇళ్లలో ఇన్వర్టర్ల దగ్గరా వినిపించేదే. తగ్గేది నీరు, యాసిడ్ కాదు. పోయాల్సింది డిస్టిల్డ్ వాటరే. ప్లేట్లు బయటపడి ఉంటే అవి మునిగేంత ముందు, మిగతాది చార్జింగ్ పూర్తయ్యాక పోయాలి. నీరు విడిపోతే వచ్చేది హైడ్రోజన్, ఆక్సిజన్. అందుకే చార్జింగ్ పెట్టేటప్పుడు గాలి ఆడే చోటు చూసుకోండి; దగ్గర్లో నిప్పురవ్వ కూడా ఉండకూడదు.