రోజుకూలి చూసి మురిసిపోకండి



మొన్న మా పక్కవాటాలోని అమ్మాయి పాలలెక్కల పుస్తకం పట్టుకుని వచ్చింది. "పిన్నిగారూ, ఈయన ఆటోనగర్ షెడ్డులో పర్మనెంటు పని మానేసి ఉక్కు ఫ్యాక్టరీ షట్‌డౌన్ పనికి పోతానంటున్నారు. రోజుకూలి ఎక్కువట. సరేననమంటారా, వద్దనమంటారా?" అని అడిగింది. ఆయన వెల్డరు. ఇద్దరు పిల్లలు, అద్దె ఇల్లు.

గాజువాక వైపు ఇళ్లల్లో ఇది కొత్త ప్రశ్నేమీ కాదు. 1971 జనవరి 20న ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగిన నాటినుంచీ మన ఊళ్లో 'పర్మనెంటు' అన్న మాటకున్న విలువ ఇంతా అంతా కాదు. అయితే కొలిమి ఆపి మరమ్మతు చేసేటప్పుడు వెల్డర్లు, ఫిట్టర్లు ఒక్కసారిగా ఎక్కువమంది కావాలి. పని అయిపోతే వారితో అవసరం తీరిపోతుంది. అందుకే కూలి ఎక్కువ, కాలం తక్కువ.

ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. షెడ్డులో నెలకు 15,000 రూపాయలు, అంటే ఏడాదికి 1,80,000. కాంట్రాక్టులో రోజుకు 800. నెలకు 26 రోజులు చేస్తే 20,800. చూడబోతే నెలకు 5,800 లాభమే! కాని 1,80,000ని 800తో భాగించండి, 225 వస్తుంది. ఏడాదిలో 225 రోజులు పని దొరికితేగాని పాత జీతం గిట్టదన్నమాట. అంటే దాదాపు తొమ్మిది నెలలు. ఖాళీ నెలల్లో అద్దె ఆగదు, స్కూలు ఫీజూ ఆగదు.

డబ్బు ఒక్కటే చూస్తే చాలదు. 20 మందికి తక్కువ కాకుండా పనిచేసేచోట ప్రావిడెంట్ ఫండ్ ఉండాలి. సాధారణంగా మనవాళ్ల జీతంలో 12 శాతం పట్టుకుంటే, యజమానీ అంత వేయాలి. కాంట్రాక్టరు మారినా యు.ఏ.ఎన్. నంబరు మారకూడదు. కొత్త నంబరు తీయనిస్తే పాత డబ్బు ఓ మూల ఉండిపోతుంది.

ఇక ఇ.ఎస్.ఐ. సంగతి. నెలకు 21,000 లోపు జీతగాళ్లకు ఇది వర్తిస్తుంది. ఏప్రిల్–సెప్టెంబరు ఒక విడత, అక్టోబరు–మార్చి ఇంకో విడత. జబ్బుచేసి ఇంట్లో ఉంటే భత్యం రావాలంటే మామూలుగా ఒక విడతలో 78 రోజుల చందా పడి ఉండాలి. కాంట్రాక్టుకూ కాంట్రాక్టుకూ మధ్య ఖాళీ ఎక్కువైతే ఇదే జారిపోతుంది. పనిలో దెబ్బ తగిలితే మాత్రం ఈ రోజుల లెక్క లేదు.

మరో మాట. కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే, పని చేయించుకున్న అసలు సంస్థే చెల్లించాలి. 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టం ఈ మాటే చెప్పింది, 2025 నవంబరులో అమల్లోకొచ్చిన కొత్త కోడ్‌లోనూ ఉంది. కాబట్టి గేటు పాసు, జీతం చీటీ చించి పారేయక బీరువాలో దాచండి. రేపు అడగడానికి అవే ఆధారం.

ఇంత విన్నాక ఆ అమ్మాయి వద్దనలేదు. చేతిలో పనితనం ఉంది, వయసుంది, వెళ్లమంది. కాని మొదటి జీతంలోంచే రోజుకు 150 చొప్పున ఖాళీ రోజుల కోసం పక్కన పెట్టాలని షరతు పెట్టింది. రెండో కాంట్రాక్టుకు ముందు ఆయన నెలన్నర ఇంట్లోనే ఉన్నారు. అద్దె మాత్రం వేళకే కట్టారు.

మీ ఇంట్లోనూ ఈ మాట వస్తే ముందు ఆ 225 లాంటి అంకె తేల్చుకోండి. ఆ తర్వాతే అవుననండి, కాదనండి. సెలవు.