బహిష్టు క్రమము తప్పినచో మాత్రలు వాడవచ్చునా?

స్త్రీలకు సాధారణముగా 21 మొదలు 35 దినముల కొకసారి బహిష్టు వచ్చును. ఈ క్రమము తప్పినపుడు వైద్యులు గర్భనిరోధక మాత్రలు వ్రాయుట కలదు. పెండ్లికాని పిల్లకు ఈ మందేల, గొడ్రాలగునేమో యని తల్లులు భయపడుచుందురు. ఈ భయము నిరాధారము. మాత్రలు మానిన పిదప గర్భధారణ శక్తి తిరిగి వచ్చును.

ఉపకేంద్రములలో కుటుంబ నియంత్రణకై ఉచితముగా నిచ్చు మాలా-ఎన్ ఇట్టి మందే. పొట్లములోని 28 మాత్రలలో 21 హార్మోనులవి, 7 ఇనుమువి. ఇనుము మాత్రలు మ్రింగు దినములలో రక్తస్రావ మగును. ఇట్లు నెలకొక క్రమ మేర్పడును.

అయితే ఇవి క్రమమును నిలుపునేగాని మూలవ్యాధిని మాన్పవు. గర్భమా, థైరాయిడు లోపమా, అండాశయములలో నీటితిత్తులా యని ముందు పరీక్షింపవలెను. రజస్వలయైన తొలి రెండు మూడేండ్లు క్రమము తప్పుట పెక్కుమందికి సహజమే. వరుసగా మూడు నెలలు బహిష్టు రానిచో మాత్రము వైద్యునికి చూపవలెను.

మన గోదావరి లంకల పొగాకు ప్రసిద్ధము. చుట్ట కాల్చు అలవాటుండి 35 ఏండ్లు దాటిన స్త్రీలు ఈ మాత్రలు వాడరాదు. నాళములలో రక్తము గడ్డకట్టు ప్రమాదము కలదు. రక్తపుపోటు గలవారికి, ఆరు నెలలలోపు బిడ్డకు పాలిచ్చు తల్లులకు కూడ ఇవి తగవు.

కావున పొరుగింటివారు వాడిన మాత్రలను దుకాణమున అడిగి తెచ్చుకొనుట మాన్పింపుడు. గ్రామ ఆరోగ్య సంఘ సమావేశములలో ఏ.ఎన్.ఎం.చే, ఆశా కార్యకర్తచే ఈ సంగతులు చెప్పింపుడు. అవసరమైనవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు, అచటినుండి కాకినాడ, రాజమహేంద్రవరము ప్రభుత్వాసుపత్రులకు పంపుడని పంచాయతీ సభ్యులకు మా మనవి.