తిరుమలగిరి కరెంటు బిల్లు ఎక్కడ కారుతుంది?

మున్సిపాలిటీలో కరెంటు పొదుపు మాట ఎత్తితే చాలు, చర్చ సోలార్ పలకల మీదికి పోతుంది. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని కొండారెడ్డిపల్లి 2025లో ఇళ్ల కప్పుల మీద సోలార్ పెట్టుకుని పేరు తెచ్చుకుంది కాబట్టి ఆ ముచ్చట ఇంకా ఎక్కువైంది. సోలార్ మంచిదే. కాకపోతే సగం కరెంటును వృథాగా తాగే మోటారుకు సోలార్ పెడితే, ఆ వృథాకు సరిపడా పలకలు కూడా కొనాల్సి వస్తుంది. అందుకే నా లెక్కలో సోలార్ వంతు చివరిది.

ఇక్కడ తిరుమలగిరి అంటే నాగార్జునసాగర్ దగ్గరిది కాదు, సూర్యాపేట–జనగామ దారిలో ఉన్నది. ఈ ఊరు 2018లో పంచాయతీ నుంచి మున్సిపాలిటీ అయింది. ఇలా హోదా మారిన ఏ ఊరికైనా మొదటి చిక్కు మీటర్ల దగ్గరే. ఎప్పుడో సర్పంచుల కాలంలో తీసుకున్న సర్వీసులు కొన్ని, ఎండిపోయిన బోర్లవి కొన్ని, ఎవరు వాడుతున్నారో తెలియనివి మరికొన్ని బిల్లుల జాబితాలో అలాగే నడుస్తుంటాయి. కరెంటు పంపిణీ సంస్థ డిస్కం ఒక్కో కనెక్షన్‌కు ఇచ్చే యూఎస్‌సీ నంబరు పట్టుకుని, ప్రతి మీటరు ఎక్కడుంది, దేనికి నడుస్తోంది, ఏడాదికి ఎన్ని యూనిట్లు కాల్చింది అని ఒక రిజిస్టరు రాయాలి. బిల్ కలెక్టరు, లైన్‌మన్, వాల్వ్‌మన్ కలిసి తిరిగితే అయ్యే పని ఇది. కన్సల్టెంటు అక్కర్లేదు. ఊరి కరెంటు పొదుపు ప్రణాళికలో సగం ఈ రిజిస్టరే.

వీధి దీపాలు, తాగునీటి పంపులు రెండూ డిస్కం టారిఫ్‌లో ఒకే చోట, ఆరో కేటగిరీలో ఉంటాయి. మున్సిపాలిటీ బిల్లులో ఎక్కువ భాగం ఈ రెండింటిదే. వీధి దీపాల సంగతి అందరికీ తెలుసు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని కూల్చేశాక, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్‌ఎల్ అక్కడ 90 వేలకు పైగా ఎల్‌ఈడీ వీధి దీపాలు పెట్టింది. పెట్టుబడి సంస్థది, తిరిగి కట్టేది మిగిలిన కరెంటు డబ్బుల్లోంచి. ఆ తర్వాత ఇదే పద్ధతి దేశమంతా పాకింది. చోకుతో కలిపి 50 వాట్లకు పైగా లాగే పాత ట్యూబులైటు చోట 20 వాట్ల ఎల్‌ఈడీ వచ్చిందంటే ఆదా ఎంతో చెప్పక్కర్లేదు.

అయితే ఎల్‌ఈడీ పెట్టడంతో కథ అయిపోలేదు. పట్టపగలు వెలిగే దీపం ఎల్‌ఈడీ అయినా దండగే. దానికి కారణం చాలాచోట్ల నిర్లక్ష్యం కాదు, వైరు. ఇళ్లకు పోయే లైను మీదే వీధి దీపం కూడా ఉంటే దాన్ని విడిగా ఆర్పే దారి లేదు. దీపాలకే వేరే తీగ ఉండాలి, దానికి మీటరు, స్విచ్చు ఉండాలి. రాష్ట్ర ప్రభుత్వ పల్లె ప్రగతి కార్యక్రమం కింద 2019లో మూడో తీగ లాగాలని పట్టుబట్టింది అందుకే. టైమరు పెట్టిన చోట ఇంకో తమాషా ఉంది. సాయంత్రం ఆరుకు వెలిగి ఉదయం ఆరుకు ఆరిపోయేలా ఏడాదంతా ఒకే లెక్క పెడతారు. మన ప్రాంతంలో జూన్‌లో పొద్దు గూకేది ఏడు గంటలకు కాస్త ముందు. అంటే ముప్పావు గంట సేపు ఎండలోనే దీపాలు. అదే జనవరిలో ఆరింటికి దీపాలు ఆరిపోతే, పాల క్యాన్లు తీసుకుని బయల్దేరేవాళ్లు చీకట్లో పోవాలి. తేదీని బట్టి సూర్యోదయ, సూర్యాస్తమయ వేళలు తనే చూసుకునే టైమర్లు బజార్లో దొరుకుతాయి.

ఇప్పుడు నీళ్ల సంగతి. అసలు డబ్బు కారేది ఇక్కడే, ఎవరూ చూడనిదీ ఇక్కడే. మోటారు కనిపించదు, షెడ్డుకు తాళం, పంపు బోరు లోపల. పాడైతేనే దాని మాట వస్తుంది. కాలిపోతే రీవైండింగు చేయించి మళ్లీ దించుతారు, అరిగిన ఇంపెల్లర్లను ఎవరూ అడగరు. నీళ్లు వస్తున్నాయి కదా అంటారు.

లెక్క చాలా సులువు. వెయ్యి లీటర్ల నీళ్లను వంద మీటర్ల ఎత్తుకు ఎత్తడానికి సిద్ధాంతం ప్రకారం కావలసింది 0.27 యూనిట్లు. లక్ష లీటర్ల ట్యాంకు, బోరులో నీటి మట్టం నుంచి ట్యాంకు పైదాకా మొత్తం 60 మీటర్ల ఎత్తు అనుకుందాం. 16 యూనిట్ల పని అది. ట్యాంకు నింపే ముందు, నిండాక మీటరు చూడండి. తేడా 28, 30 యూనిట్లు వస్తే పంపు బాగున్నట్టు. 50 దాటిందంటే మూడో వంతు కూడా నీళ్లకు పోవట్లేదు. మిగతాదంతా వేడికి, రాపిడికి, పైపుల్లో ఒత్తిడికి పోతోంది. ఎండాకాలం బోరులో మట్టం దిగుతుంది కాబట్టి కొలత ఏ నెలలో తీశారో కూడా రాసుకోవాలి.

డబ్బుల్లో చూద్దాం. 15 కిలోవాట్లు లాగే పంపు రోజుకు 8 గంటలు నడిస్తే ఏడాదికి 43,800 యూనిట్లు. దాని సామర్థ్యం 35 శాతం నుంచి 55 శాతానికి పెరిగితే అన్నే నీళ్లకు దాదాపు 16 వేల యూనిట్లు తగ్గుతాయి. యూనిట్ రూ.7 వేసుకున్నా లక్షా పది వేలు. పట్టపగలు వెలిగే వంద ఎల్‌ఈడీ దీపాలను ఆర్పినా దీనిలో సుమారు 55 శాతమే మిగులుతుంది. పగటి దీపం కంటికి కనిపిస్తుంది కాబట్టి ఫిర్యాదు వస్తుంది. పంపు మీద ఎవరు ఫిర్యాదు చేస్తారు?

తిరుమలగిరి ఉన్న పాత నల్లగొండ ప్రాంతంలో ఇంకో ప్రశ్న కూడా అడగాలి. ఫ్లోరైడ్ బోర్ల నుంచి జనాన్ని తప్పించడానికి కూడా మిషన్ భగీరథ తాగునీటి పథకం వచ్చింది, దాని పైలాన్‌ను 2015లో చౌటుప్పల్‌లోనే ఆవిష్కరించారు. ఆ నీళ్లు ట్యాంకుకు చేరిన రోజు కూడా పాత బోరు మోటారు ఎందుకు నడుస్తోంది? ఒక్కోసారి కారణం నిజంగా నీటి కొరత, ఒక్కోసారి అలవాటు. పైపులైను లీకేజీ కూడా కరెంటు లెక్కలోకే వస్తుంది, ఎందుకంటే మోరీలోకి పోయిన నీటిని కూడా మనమే ఎత్తాం.

ఆఫీసు, బడులు, ఆస్పత్రి భవనాల మీద బిల్లు అంత పెద్దది కాదు. పాత ఫ్యాన్లు 75 వాట్లు లాగితే కొత్త బీఎల్‌డీసీ ఫ్యాన్లకు 30 వాట్ల చుట్టూ చాలు, పాతవి పాడైనప్పుడల్లా ఇవి పెట్టుకుంటూ పోవచ్చు. 2023లో వచ్చిన తెలంగాణ కూల్ రూఫ్ విధానం ప్రభుత్వ భవనాలకు వేడిని తిప్పికొట్టే పైకప్పును తప్పనిసరి చేసింది. ఏసీ లేని బడిలో దానివల్ల బిల్లు పెద్దగా తగ్గదు గానీ పిల్లలకు హాయి. దాన్ని పొదుపు పద్దులో వేసి గొప్పలు చెప్పుకోకూడదు, అంతే. రైతుల బోర్ల కరెంటు మున్సిపాలిటీ చేతిలో లేదు, దాన్ని ఈ ప్రణాళికలోకి లాగితే కాగితం బరువే తప్ప పని కాదు.

ఇలా ఊరి ప్రణాళిక ముందే రాయించడం కొత్తేమీ కాదు. అమెరికా 2009లో స్థానిక ప్రభుత్వాలకు ఇంధన పొదుపు కోసం దాదాపు 320 కోట్ల డాలర్ల గ్రాంటు ఇచ్చినప్పుడు, ముందు మీ ఊరి వ్యూహం రాసి చూపించండి అని షరతు పెట్టింది. పెద్ద నగరాలకు నేరుగా, చిన్న ఊళ్లకు రాష్ట్రాల ద్వారా. మన దగ్గర బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ మున్సిపాలిటీల ఆడిట్లకు పూనుకున్నా, తిరుమలగిరి అంత ఊరిదాకా అది దానంతటదే నడిచి రాదు. రాష్ట్ర పునరుత్పాదక ఇంధన సంస్థ రెడ్కోను, డిస్కం ఏఈని పిలిపించుకోవాలి, కౌన్సిల్‌లో తీర్మానం పెట్టాలి.

ఆ తీర్మానంలో రెండు మాటలు ఉండాలి. ప్రతి నెలా రిజిస్టరు చూసి సంతకం పెట్టే బాధ్యత ఏ ఉద్యోగిదో ఒకటి. మొదటి పంపు మీద మిగిలిన లక్ష రూపాయలు రెండో పంపు మార్చడానికే ఖర్చు పెట్టాలన్నది రెండోది. ఇది రాయకపోతే ఆ మిగులు జనరల్ ఫండ్‌లో కలిసిపోతుంది, రెండో పంపు కోసం మళ్లీ ఏదో గ్రాంటు వచ్చేదాకా ఆగాల్సిందే.