వేగమొక్కటే చాలదు

అమెరికా దేశమున బేస్‌బాల్ ఆటకు మిక్కిలి ఆదరణ కలదు. అందు సుమారు 60 అడుగుల దూరమునుండి, బ్యాటు పట్టినవానికెదురుగా బంతిని విసరు ఆటగానిని ‘పిచ్చర్’ అందురు. జట్టులవారు ఏటేట యువకులైన పిచ్చర్లను పరీక్షించి చేర్చుకొందురు. వారు ముందుగా చూచునది వేగము. దానిని యంత్రముతో కొలువవచ్చును. కాని గురి, ఓర్పు, చేతి దారుఢ్యము ఒక్కనాటి పరీక్షలో తేలవు.

ఇందులకు శాండీ కోఫాక్స్ చరిత్రమే తార్కాణము. 1955లో, 19 ఏండ్ల ప్రాయమున, అతడు బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టున ఆడ మొదలిడెను. వేగము మెండుగా నుండెను; గురి కుదరలేదు. మొదటి ఆరేండ్లలో అతనికి 36 గెలుపులు, 40 ఓటములు కలిగెను. 1961లో, ఆటల ఋతువునకు ముందు జరుగు సాధనలో, బంతిని అందుకొను ఆటగాడు నార్మ్ షెర్రీ, బలమంతయు ఒడ్డక తేలికగా విసరుమని అతనికి హితవు చెప్పెను. ఆ యేటనే 18 గెలుపులు లభించెను. 1963, 1965, 1966లలో ఉత్తమ పిచ్చర్లకిచ్చు సై యంగ్ బహుమానము అతనికి దక్కెను. అయినను మోచేతి కీళ్లవ్యాధిచే 1966లో, 30 ఏండ్లకే, ఆట విరమించెను.

మొలకను చూచి పంటను కొలువరాదు. కావున యువకుని పరీక్షించువారు నేటి బలమునే గాక, రేపటి ఎదుగుదలను, ఆ చేతి క్షేమమును గూడ గమనింపవలెను.