పసిగుడ్డు... కొత్త నెత్తురు!

పుట్టి ఇంకా ఒక్కరోజు కాలేదు. బిడ్డ ఒళ్లంతా పసుపు రాసినట్టుంది. 'కామెర్లేలే, పొద్దుటెండలో కాసేపు పడుకోబెట్టండి' అంటారు ఇంట్లో పెద్దవాళ్లు. రెండోరోజో మూడోరోజో కనిపించి, వారం పదిరోజుల్లో తగ్గిపోయే కామెర్లే ఎక్కువ కాబట్టి వాళ్ల ధీమా అది. కానీ 24 గంటల్లోపే వచ్చినా, అరికాళ్లదాకా పాకినా సంగతి వేరు. పురుడు వెళ్లకుండా పసిబిడ్డను గడప దాటించడమెలా అని ఆలోచిస్తూ కూర్చునే వేళ కాదది. మాచర్ల వాళ్లకైతే మరీనూ. పెద్దాసుపత్రులున్న గుంటూరు వంద కిలోమీటర్ల పైమాటే!

ఇలాంటి కామెర్లకు ఓ ముఖ్య కారణం రక్తం గ్రూపుల తేడా. తల్లిది నెగెటివ్, తండ్రిది పాజిటివ్ అయితే బిడ్డది పాజిటివ్ కావచ్చు. కాన్పప్పుడు బిడ్డ రక్తం కొద్దిగా తల్లి ఒంట్లో కలుస్తుంది. దాన్ని శత్రువనుకుని ఆమె శరీరం యాంటీబాడీలను తయారుచేస్తుంది. అందుకే మొదటి బిడ్డకు సాధారణంగా ఏమీ కాదు. తర్వాతి బిడ్డకే చిక్కు. ఆ యాంటీబాడీలు మాయ దాటి వెళ్లి బిడ్డ ఎర్రకణాలను చిదిమేస్తాయి. విరిగిన కణాల్లోంచి పుట్టే పసుపు పదార్థమే బిలిరుబిన్. అది మితిమీరి మెదడుకు చేరితే చెవుడు రావచ్చు, కాళ్లూ చేతులూ స్వాధీనం తప్పొచ్చు, ప్రాణమే పోవచ్చు.

మొదట నీలిదీపాల కింద ఉంచుతారు. ఎండను నమ్మిన పెద్దవాళ్లది పూర్తిగా పొరపాటేమీ కాదు. ఎండ తగిలిన చోట బిడ్డ పసుపు తగ్గిందని 1950ల్లో ఇంగ్లండులో ఓ నర్సు గమనించాకే ఈ దీపాలొచ్చాయి. అయితే తీవ్రమైన కామెర్లకు ఎండ చాలదు.

దీపాలకూ లొంగకపోతే రక్తమార్పిడే. మూడు కిలోల బిడ్డ ఒంట్లో ఉండేది మహా అయితే పావు లీటరు రక్తం. ఎక్కించేది దానికి రెట్టింపు. బొడ్డుతాడు సిరలోకి సన్నటి గొట్టం పంపి, సిరంజితో కొద్దికొద్దిగా... అంటే 5 నుంచి 20 మిల్లీలీటర్ల చొప్పున పాత రక్తం తీస్తూ, అంతే కొత్తది ఎక్కిస్తూ పోతారు. గంటా రెండు గంటల ఓపిక పని. అయ్యేసరికి బిడ్డ ఎర్రకణాల్లో 85 శాతం దాకా మారిపోతాయి. బిలిరుబిన్ సుమారు సగానికి పడిపోతుంది. ఒళ్లంతా పేరుకున్నది మళ్లీ రక్తంలోకి వస్తుంది కాబట్టి తర్వాత కూడా దీపాలు తప్పవు. బిడ్డది పాజిటివ్ అయినా ఎక్కించేది నెగెటివ్ రక్తమే. పాజిటివ్ ఎక్కిస్తే యాంటీబాడీలు దాన్నీ వదలవు మరి! క్యాల్షియం పడిపోవడం, గుండె లయ తప్పడం, ఇన్ఫెక్షన్ లాంటి ప్రమాదాలున్నాయి కాబట్టే ఇది ఆఖరి అస్త్రం.

ఈ అవసరమే రాకుండా చూసే యాంటీ-డి ఇంజెక్షన్ 1968లో వచ్చింది. దాని తయారీకి పనికొచ్చే ప్లాస్మాను ఆస్ట్రేలియాకు చెందిన జేమ్స్ హారిసన్ 2018 దాకా 1,173 సార్లు దానమిచ్చాడు. 2025లో కన్నుమూశాడు. నెగెటివ్ గ్రూపు తల్లికి 28వ వారంలో ఓసారి, పుట్టిన బిడ్డది పాజిటివ్ అయితే కాన్పయిన 72 గంటల్లోపు మరోసారి ఇంజెక్షన్ చేస్తారు. గర్భస్రావమైనప్పుడూ దీని గురించి డాక్టరును అడగాల్సిందే. కాన్పుకు పుట్టింటికి పంపేటప్పుడు సారెతోపాటు రక్తం గ్రూపు రాసిన చీటీ కూడా సంచీలో ఉందో లేదో చూసుకోండి... అల్లుడిగారిది కూడా!