తొండగారి గృహప్రవేశం

బల్లి మీద పడితే పంచాంగం తిరగవేసే వాళ్ళం మనం. కంచికి వెళ్ళి బంగారు బల్లిని తాకి వచ్చిన వారిని తాకినా దోషం పోతుందని ఊరట పడతాం. అటువంటి మనవాళ్ళ పిల్లలే అమెరికాలోనో, ఇంగ్లండులోనో ఉండి, “అమ్మా, నేను డ్రాగన్‌ను పెంచుకుంటానే!” అని మారాం చేస్తే తల్లి గుండె గుభేలుమనదూ? కాని భయపడవలసిందేమీ లేదు. “బియర్డెడ్ డ్రాగన్” అనే ఈ జీవి మన దొడ్లో కంచె మీద తల ఆడించే తొండకు దాయాదే. పుట్టిల్లు ఆస్ట్రేలియా. భయం వేసినా, కోపం వచ్చినా గొంతు కింది ముళ్ళ చర్మాన్ని ఉబ్బించి నల్లబరుస్తుంది. చూడటానికి అచ్చం గడ్డంలా ఉంటుంది గనుక ఆ పేరు.

గుడ్డులోంచి వచ్చినప్పుడు జానెడైనా ఉండదు. ఏడాది, ఏడాదిన్నర తిరిగేసరికి అడుగున్నర, రెండడుగులవుతుంది. అప్పుడు నాలుగడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు గల గాజుపెట్టె కావాలి. చిక్కంతా ఇక్కడే. కొత్త ఇల్లు విశాలంగా ఉందని మనకు సంతోషం. దానికి మాత్రం దిగులు! తన ఒంటి వేడిని తాను పుట్టించుకోలేని జీవి అది. ఎక్కడ వెచ్చన, ఎక్కడ చల్లన, ఎక్కడ దాగాలి అన్న ఎరుక మీదే దాని బతుకంతా నడుస్తుంది. ఆ గుర్తులన్నీ ఒక్క పూటలో చెరిగిపోతే బెదిరి తిండి మానేస్తుంది.

అందుచేత కొత్త పెట్టెను ఒకటి రెండు రోజుల ముందే సిద్ధం చేసి దీపాలు వెలిగించి చూడాలి. ఎండ కాచుకునే రాయి మీద సుమారు 40 డిగ్రీల సెంటిగ్రేడు, రెండో కొసన 25 డిగ్రీలు ఉండాలి. చేత్తో తాకి అంచనా కట్టక థర్మామీటరు పెట్టండి. ఎముకల బలానికి అతినీలలోహిత కిరణాల దీపం కూడా అవసరం. కిటికీ ఎండ చాలదు. ఆ కిరణాలను అద్దం అడ్డగిస్తుంది.

పాత పెట్టెలోని రాయి, కొమ్మ, దాగుడు గూడు కడగకుండానే తెచ్చి అమర్చండి. తన వాసన తనకు ధైర్యం. జబ్బు చేసి ఉంటే మాత్రం శుభ్రం చేయక తప్పదు.

మార్చటానికి ఉదయం మంచిది. కాస్త వెచ్చబడ్డాక, మేత పెట్టక ముందు మార్చండి. కడుపు నిండా తిని చలిలో పడితే అరగదు. పైనుంచి చెయ్యి చాచవద్దు. దాని నడినెత్తిన వెలుగు నీడలను పసిగట్టే మూడో కన్నొకటి ఉంది. మీద నీడ పడితే గద్ద వచ్చిందనుకుంటుంది. పక్కనుంచి చెయ్యి పోనిచ్చి, పొట్టకు, నాలుగు కాళ్ళకూ ఆసరా ఇచ్చి ఎత్తాలి. తోక పట్టుకోరాదు, బల్లి తోకలా అది మళ్ళీ మొలవదు.

కొత్త పెట్టెకు మూడు వైపులా కాగితం అంటిస్తే మేలు. గాజులో తన నీడ చూసుకుని పగవాడనుకునే ప్రమాదం ఉంది. మూడు నాలుగు రోజులు ఎత్తుకోవటాలు, స్నేహితులకు చూపటాలు కట్టిపెట్టాలి. ఆకుకూర, చిమ్మెటలు మామూలు వేళకే పెట్టండి. మిగిలిన చిమ్మెటలను రాత్రికి తీసివేయాలి. అవి దాన్ని కొరుకుతాయి.

పెద్దది ఒకటి రెండు రోజులు తినకపోయినా కంగారు లేదు. పిల్ల తినకపోయినా, పెద్దది వారమైనా ముట్టకపోయినా, చిక్కిపోతున్నా, గడ్డం నలుపు విడవకపోయినా పశువైద్యునికి చూపండి. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి. సాల్మొనెల్లా అనే క్రిమి వీటి ద్వారా సోకవచ్చు. అయిదేళ్ళలోపు పిల్లల చేతికి ఇవ్వవద్దు.

ఈ ముచ్చట చదివి మన పిల్లలెవరైనా చేలోని ఉడుమును పట్టి తెచ్చేరు సుమా! 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. దాని ఇల్లు చేనుగట్టే, అక్కడే ఉండనివ్వండి.