పాపిడి వెడల్పవుతోందా? నూనె మార్చే ముందు రక్తం చూపించండి

మునగాలలో బస్సెక్కితే అటు సూర్యాపేట, ఇటు కోదాడ. రెండు చోట్లా డాక్టర్లున్నారు. జ్వరమొస్తే, నడుము పట్టేస్తే, పిల్లలకు దగ్గొస్తే ఆడవాళ్లు బస్సెక్కుతారు. జుట్టు రాలుతోందని ఎక్కేవాళ్లు మాత్రం అరుదు. జుట్టుకైతే నూనె మారుస్తారు. అది పనిచేయకపోతే షాంపూ మారుస్తారు. ఆ తర్వాత ఊరి నీళ్లను తిడతారు. ఇలా రెండేళ్లు, మూడేళ్లు గడిచిపోతాయి.

ముస్లిం ఇళ్లలో ఇంకో సంగతి ఉంది. తల మీద దుపట్టా ఉంటుంది కాబట్టి బయటివాళ్లకు కనపడదు. కనపడదు కాబట్టి ఇంట్లోవాళ్లూ పట్టించుకోరు. అమ్మాయి తనంతట తాను చెప్పదు. సంబంధాలు చూడటం మొదలయ్యాక, "దీని జడ ఇంత సన్నబడిందేంటి?" అని ఏ ఖాలానో అడిగినప్పుడు ఇంట్లో కంగారు మొదలవుతుంది. అప్పటికి కొందరిలో తిరిగి తెచ్చుకోగలిగే జుట్టు కొంత చేయి దాటిపోయి ఉంటుంది.

ముందుగా ఒక లెక్క. తలలో సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. రోజుకు 50 నుంచి 100 దాకా రాలడం మామూలే. వారానికి రెండుసార్లే తలస్నానం చేసేవాళ్లకు ఆ రోజున ఒక్కసారిగా ఎక్కువ కనిపిస్తాయి, అందులో భయపడాల్సిందేమీ లేదు. రాలిన వెంట్రుకను వెలుతురులో పట్టుకుని చూడండి. ఒక కొసన చిన్న తెల్లటి బుడిపె ఉంటే అది కుదురు నుంచి ఊడింది. బుడిపె లేకుండా పొట్టి ముక్కల్లా ఉంటే అది రాలలేదు, విరిగింది. ఉప్పు నీళ్లు, స్ట్రెయిటనింగ్, రంగులు వెంట్రుకను విరిచేస్తాయి, కుదురు జోలికి పెద్దగా పోవు.

రాలడం వేరు, పలచబడటం వేరు

ఆడవాళ్లలో ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు. ఒకటి గుప్పెళ్లతో రాలడం. దువ్వెన నిండా, దిండు మీద, బాత్రూం జాలీలో అంతా జుట్టే. చూస్తే గుండె ఝల్లుమంటుంది, కానీ రెండింట్లో ఇదే నయం. డెంగీ, టైఫాయిడ్ లాంటి గట్టి జ్వరం, కాన్పు, ఆపరేషన్, తిండి మానేసి బరువు తగ్గడం వంటి దెబ్బ తగిలినప్పుడు చాలా వెంట్రుకలు ఒకేసారి విశ్రాంతి దశలోకి పోతాయి. రెండు మూడు నెలలు అలాగే ఉండి, అప్పుడు ఊడతాయి. అందుకే కారణం ఎవరికీ గుర్తుండదు. దసరా ముందు వచ్చిన డెంగీని సంక్రాంతికి రాలే జుట్టుతో ఎవరు ముడిపెడతారు? కాన్పయిన మూడో నెల నుంచి రాలితే "పాప నవ్వడం మొదలుపెడితే తల్లి జుట్టు ఊడుతుంది" అని పెద్దవాళ్లు సర్దిచెబుతారు. పాప నవ్వుకూ దానికీ సంబంధం లేదు గానీ నెలల లెక్క మాత్రం సరిగ్గానే ఉంది. ఏడాది లోపు చాలామందికి మళ్లీ వచ్చేస్తుంది.

రెండోది చప్పుడు చేయదు. దువ్వెనలో పెద్దగా కనిపించదు. వెంట్రుక ఊడిన చోట వచ్చే కొత్త వెంట్రుక కాస్త సన్నగా వస్తుంది, దాని తర్వాతది ఇంకా సన్నగా. నుదుటి దగ్గరి అంచు అలాగే ఉంటుంది, నడినెత్తిన మాత్రం చర్మం కనిపించడం మొదలవుతుంది. పాపిడి ముందువైపు వెడల్పుగా, వెనక్కి పోయేకొద్దీ సన్నగా ఉంటుంది. జర్మన్ డాక్టర్ ఎరిక్ లుడ్విగ్ 1977లో దీన్ని మూడు దశలుగా విడదీశాడు, డాక్టర్లు ఇప్పటికీ అదే కొలత వాడతారు. మొదటి దశలో మందు మొదలుపెడితే ఉన్నది నిలబడుతుంది, కొంత తిరిగి వస్తుంది. మూడో దశలో వచ్చినవాళ్లకు డాక్టర్ చేయగలిగేది తక్కువ. ఇది ఇరవైల్లోనే మొదలు కావచ్చు. తల్లి వైపు నుంచే కాదు, తండ్రి వైపు నుంచి కూడా వస్తుంది.

కనిపెట్టడానికి ఖర్చేం లేదు. నెలకొకసారి ఒకే కిటికీ దగ్గర, ఒకే చోట పాపిడి తీసి ఫోన్లో ఫొటో తీయించుకోవాలి. నడినెత్తి పాపిడినీ తల వెనక పాపిడినీ పక్కపక్కన పెట్టి చూడాలి. ముందుది వెడల్పుగా ఉంటే అనుమానించాల్సిందే. రోజూ వుజూలో మసహ్ చేసే చేతికి కూడా తేడా తెలుస్తుంది, కాస్త గమనిస్తే చాలు. నెలసరి తప్పుతూ, గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు కూడా ఉంటే పీసీఓఎస్ సంగతి డాక్టర్‌ని అడగాలి.

నాణెమంత మచ్చలో నున్నగా ఊడిపోయే పేనుకొరుకుడు వేరే జబ్బు. దాన్ని ఏ పేనూ కొరకదు. ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరపాటున కుదుళ్ల మీద పడుతుంది. పసరు రుద్ది చర్మం కాల్చుకోకుండా నేరుగా డాక్టర్ దగ్గరికి వెళ్లడం మంచిది.

నీళ్లా, రక్తమా?

2016 అక్టోబర్ 11న సూర్యాపేట జిల్లా విడిపోకముందు ఇదంతా నల్గొండ జిల్లా. ఫ్లోరైడ్ అనగానే దేశానికి గుర్తొచ్చే పేరు. అందుకే ఇక్కడ ఏం వచ్చినా ముందు నీళ్ల మీదికే పోతుంది. ఫ్లోరైడ్ పాడుచేసేది పళ్లను, ఎముకలను. 2024 డిసెంబర్ చివర్లో, 2025 జనవరిలో మహారాష్ట్రలోని బుల్ఢానా జిల్లా ఊళ్లలో జనానికి రోజుల వ్యవధిలోనే జుట్టు ఊడిపోయినప్పుడు కూడా మొదట నీళ్లనే అనుమానించారు. ఐసీఎంఆర్ బృందాలు వెళ్లాయి. తర్వాత డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ పరిశీలనలో రేషన్ గోధుమల్లోని సెలీనియం మీదికి అనుమానం మళ్లింది. పరీక్ష చేయించకుండా కారణం చెప్పడం ఎంత కష్టమో దీన్నిబట్టే తెలుస్తుంది.

మన దగ్గర ముందు చూడాల్సింది రక్తం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే సగం కంటే ఎక్కువ. ఒంట్లో ఇనుము తగ్గితే శరీరం ముందు ప్రాణానికి కావాల్సిన పనులు చూసుకుంటుంది, జుట్టు వంతు చివర వస్తుంది. నెలసరిలో ఎక్కువ పోయేవాళ్లు, వెంటవెంటనే కాన్పులైనవాళ్లు, అందరికీ పెట్టి మిగిలిందే తినేవాళ్లు దీన్ని మొదట అనుమానించుకోవాలి. సీబీపీ, ఫెర్రిటిన్, టీఎస్‌హెచ్ ఈ మూడూ చేయిస్తే సగం సంగతి తేలుతుంది. హిమోగ్లోబిన్ బాగున్నా నిల్వ ఇనుము తక్కువ ఉండొచ్చు, ఫెర్రిటిన్ చూసేది అందుకే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తం ఇస్తే తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కింద సీబీపీ, థైరాయిడ్ ఉచితమే. ఫెర్రిటిన్ బయట చేయించాల్సి రావచ్చు. నెలనెలా నూనె సీసాలకు పోసే డబ్బుతో పోలిస్తే అది పెద్ద ఖర్చు కాదు.

ఐరన్ మాత్ర రాస్తే అన్నం కాగానే చాయ్‌తో మింగొద్దు. చాయ్ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. గంట, గంటన్నర ఎడం ఇచ్చి నిమ్మకాయ నీళ్లతో వేసుకుంటే బాగా పడుతుంది. థైరాయిడ్ మాత్ర కూడా వాడుతుంటే రెండింటి మధ్య నాలుగు గంటలు ఉండాలి. రంజాన్‌లో ఏది సహరీకి, ఏది ఇఫ్తార్‌కు అన్నది డాక్టర్‌ని ముందే అడిగి పెట్టుకుంటే నెలంతా మానేయాల్సిన పని ఉండదు. బడిలో పిల్లలకు వారానికొకసారి ఇచ్చే నీలం మాత్రను "కడుపు తిప్పుతోంది అమ్మీ" అని పారేస్తున్నారేమో కూడా చూడాలి. కలేజీ, మాంసం, గుడ్డు, తోటకూర, మునగాకు ఇంట్లో వండేవే. అవి ఆడపిల్లల పళ్లెంలో ఎంత పడుతున్నాయన్నదే ప్రశ్న.

హిజాబ్ వల్ల జుట్టు ఊడుతుందన్న మాట తరచూ వినిపిస్తుంది. బట్ట కప్పుకుంటే ఊడదు. దాని కింద గట్టిగా లాగి కట్టిన ముడి, బిగుతు టోపీ రోజూ కుదుళ్లను లాగితే కణతల దగ్గర, నుదుటి అంచున పలచబడుతుంది. మొదట్లో ముడి వదులు చేస్తే తిరిగి వస్తుంది, ఏళ్ల తరబడి సాగితే రాదు. తడి జుట్టును ముడేసి స్కార్ఫ్ కట్టడం కూడా మానుకోవాలి. కాలీ మెహెందీ పేరుతో అమ్మే వాటిలో పీపీడీ అనే రసాయనం ఉంటుంది, కొందరికి తలంతా పుండ్లు పడతాయి.

నడినెత్తి పలచబడటానికి డాక్టర్లు ముందు రాసేది మినాక్సిడిల్. మొదట ఇది బీపీ మాత్ర. వాడినవాళ్లకు ఒంటి మీద వెంట్రుకలు పెరగడం చూసి తలకు రాసే మందు చేశారు. అమెరికాలో ఆడవాళ్లకు 1991లో అనుమతి వచ్చింది. మొదటి వారాల్లో రాలడం ఇంకా పెరుగుతుంది, చాలామంది అక్కడే భయపడి సీసా పారేస్తారు. ఫలితం తెలియడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఆపేస్తే వచ్చింది పోతుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడకూడదు. రాసుకున్నాక నాలుగు గంటలు తల తడపొద్దంటారు కాబట్టి రోజుకొకసారి రాసే రకమైతే ఇషా నమాజు తర్వాత రాసుకుంటే ఫజ్ర్ వుజూకు ఇబ్బంది ఉండదు.

సవరం సంగతి వేరు. పెళ్లి కూతురికి జబ్బు చేసి జుట్టు రాలిపోతే వేరే జుట్టు కలపవచ్చా అని ఒక తల్లి ప్రవక్త (స) వారిని అడిగిన సందర్భం అస్మా బిన్త్ అబూబక్ర్ (రజి) ఉల్లేఖనంగా బుఖారీ, ముస్లింలలో ఉంది. కలపడాన్ని ఆయన గట్టిగా వారించారు. జబ్బు చేశాక జుట్టు ఊడుతుందని అప్పటి తల్లులకూ తెలుసన్నమాట. ఆ నిషేధం జుట్టుకు జుట్టు కలపడం గురించి. మందు వాడటం వైద్యం. మందులో ఆల్కహాల్ ఉంటుందని సందేహమున్నవాళ్లు ఆలిమ్‌ను అడగొచ్చు.

సూర్యాపేటలో 2019లో మెడికల్ కాలేజీ మొదలైంది, దాని జనరల్ ఆసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీ ఉంటుంది. వెళ్లేటప్పుడు పాత ఫొటోలు, వాడుతున్న మాత్రల చీటీ తీసుకెళ్లాలి. గడిచిన ఆరు నెలల్లో వచ్చిన జ్వరాలు, కాన్పు తేదీ చెప్పాలి. స్కార్ఫ్ తీయడానికి మొహమాటమైతే లేడీ డాక్టర్ ఎప్పుడుంటారో ముందే కనుక్కోవాలి, చూడకుండా మాత్రం ఏ డాక్టరూ చెప్పలేరు. బయోటిన్ గోళీలు వాడుతుంటే థైరాయిడ్ పరీక్షకు రెండు మూడు రోజుల ముందే ఆపి, ఆ సంగతి ల్యాబులోనూ చెప్పాలి. అవి ఒంట్లో ఉంటే రిపోర్టే తప్పు రావచ్చు.